ఇద్దరు కోచ్‌లు, ఒకటే భుజం

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటాం. మా అమ్మాయికి పదిహేనేళ్లు, టెన్త్ గ్రేడ్ చదువుతోంది. ఎనిమిదో ఏటి నుంచి క్లబ్‌లో ఈదుతోంది. ఇప్పుడు వారానికి ఆరు రోజులు, రోజుకి రెండేసి గంటలు. 100 గజాల బ్రెస్ట్‌స్ట్రోక్ 1:10లో చేస్తుంది, 200 ఐఎం (నాలుగు రకాల ఈతలూ కలిసిన ఇండివిడ్యువల్ మెడ్లే) కూడా బాగానే ఈదుతుంది. కిందటేడు హైస్కూల్ టీమ్‌లో చేరి రెండు చోట్లా ఒక్క ప్రాక్టీస్ కూడా మానకుండా చేసింది. ఏప్రిల్ కల్లా భుజం నొప్పి, మోకాలు నొప్పి, రెండుసార్లు జ్వరం. డిసెంబర్‌లో చేసిన టైమ్ కంటే మే నెలలో రెండు సెకన్లు వెనకబడింది. ఈ ఫిబ్రవరిలో మళ్లీ స్కూల్ సీజన్ మొదలు. స్కూల్ కోచ్ రోజూ రావాల్సిందే అంటారు. క్లబ్ కోచ్‌కి స్కూల్ సీజన్ పేరెత్తితేనే చిరాకు. మా ఆయన స్కూల్ టీమ్ మానిపించేద్దాం అంటారు. స్నేహితులంతా అక్కడే ఉన్నారని పిల్ల ఏడుస్తుంది. ఏది వదలమంటారు?

సమాధానం: ఈ ఏడాది ఏదీ మానిపించకండి. కిందటేడు ఇద్దరు కోచ్‌లూ ఒకరి ప్లాన్ ఒకరికి తెలియకుండా చెరో పూర్తి సీజన్ రాసుకున్నారు. మీ అమ్మాయి బుద్ధిమంతురాలు కాబట్టి రెండూ తు.చ. తప్పకుండా చేసింది. దెబ్బ అక్కడ తగిలింది.

ఒకసారి లెక్క వేద్దాం. క్లబ్‌లో 12 గంటలు. స్కూల్‌లో రోజుకి గంటన్నర చొప్పున ఐదు రోజులకి ఏడున్నర. మొత్తం వారానికి 19.5 గంటలు నీళ్లలోనే. కాలిఫోర్నియా హైస్కూల్ ఆటలన్నిటినీ చూసే సీఐఎఫ్ ఒక టీమ్ వారానికి 18 గంటలు, రోజుకి 4 గంటలు మించి ప్రాక్టీస్ పెట్టకూడదంటుంది. ఆ పరిమితి స్కూల్ టీమ్‌కి మాత్రమే. క్లబ్ గంటలు అందులోకి రావు. స్కూల్ కోచ్ తన ఏడున్నర చూసుకుని నిశ్చింతగా ఉంటారు, క్లబ్ కోచ్ తన 12 చూసుకుంటారు. ఆ రెండూ కలిపి చూసేవాళ్లు లేరు. ఈ ఏడాది ఆ పని మీ ఇంట్లోనే జరగాలి.

భుజం వైపు నుంచి కూడా చూడండి. 25 గజాల కొలనులో ఒక లెంగ్త్ ఫ్రీస్టైల్‌కి 16 సార్లు చేతులు వేస్తుందనుకుంటే, క్లబ్‌లో 5,000 గజాల ప్రాక్టీస్ అంటే 200 లెంగ్త్‌లు, ఒక్కో భుజానికి 1,600 సార్లు. దానికి ముందు స్కూల్‌లో 3,000 గజాలు ఈది వస్తే ఇంకో 960. జనవరి 31 దాకా 1,600తో అలవాటుపడ్డ భుజం ఫిబ్రవరి మొదటి వారంలో ఒక్కసారిగా 2,500 దాటేస్తోంది. పైగా స్కూల్ సీజన్ మొదట్లో అందరూ ఉత్సాహం మీద ఉంటారు, పక్క లేన్‌లో స్నేహితులుంటారు, ప్రతి సెట్టూ పోటీలాగే ఈదుతారు. నొప్పి ఏప్రిల్‌లో బయటపడినా, మొదలైంది ఫిబ్రవరిలోనే.

మరి ఎవరి మాట వినాలి? శిక్షణకి క్లబ్ కోచ్, పోటీలకి స్కూల్ కోచ్. ఇది స్కూల్ కోచ్‌ని తక్కువ చేయడం కాదు. ఆయన కొలనులో ఒక లేన్‌లో మీ అమ్మాయి ఉంటే, ఇంకో లేన్‌లో నిరుడే ఈత నేర్చుకున్న పిల్లలుంటారు. అందరికీ కలిపి ఒకే ప్రాక్టీస్ రాయాలి. ఇంకో సంగతి, హైస్కూల్ మీట్‌లో ఉండే ఈవెంట్లు తక్కువ: రిలేలు మూడు, 200 ఫ్రీ, 200 ఐఎం, 50 ఫ్రీ, 100 ఫ్లై (బటర్‌ఫ్లై), 100 ఫ్రీ, 500 ఫ్రీ, 100 బ్యాక్, 100 బ్రెస్ట్, వీటికి తోడు డైవింగ్. 200 బ్రెస్ట్ లేదు, 400 ఐఎం లేదు, 1,650 ఫ్రీ లేదు. మీ అమ్మాయి ఈదే రకాన్ని బట్టి చూస్తే రేపు తనకి 200 బ్రెస్ట్, 400 ఐఎం ముఖ్యం కావచ్చు. వాటికి కావలసిన దమ్ము స్కూల్ ప్రాక్టీస్‌లో రాదు. స్కూల్ ఇచ్చేది వేరే: వారం వారం పోటీ, రిలేలో పక్కవాళ్ల కోసం ఈదడం, గోడ దగ్గర అరుస్తూ నిలబడే జట్టు. పదిహేనేళ్ల పిల్ల ఈత మీద విసుగెత్తకుండా ఉండాలంటే అదీ కావాలి. ఏడ్చిందంటే అందుకే.

ఇప్పుడు నిబంధన, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే సరిదిద్దుకోవడం కష్టం. కాలిఫోర్నియాలో స్కూల్ సీజన్ నడుస్తున్నప్పుడు క్లబ్‌తో ప్రాక్టీస్ చేయవచ్చు. కానీ క్లబ్ తరఫున పోటీ చేయకూడదు. క్లబ్ మీట్‌కి వెళ్లాలంటే ‘అన్‌అటాచ్డ్’గా, అంటే ఏ జట్టుకీ చెందని ఈతగత్తెగా పేరు ఇవ్వాలి. అలా పేరు ఇచ్చినవాళ్లు రిలే ఈదకూడదు, క్లబ్‌కి పాయింట్లూ రావు. ఎంట్రీలు పంపేది క్లబ్ వాళ్లు కాబట్టి చాలాసార్లు పొరపాటు అక్కడే జరుగుతుంది: ప్రతిసారీ పంపే పాత ఫైలే పంపేస్తారు, హీట్ షీట్‌లో (ఎవరు ఏ లేన్‌లో ఈదుతారో చెప్పే జాబితాలో) పేరు పక్కన క్లబ్ కోడ్ వచ్చేస్తుంది. మీట్‌కి ముందు సైక్ షీట్ (ఏ ఈవెంట్‌లో ఎవరెవరు ఈదుతున్నారో చెప్పే జాబితా) వస్తుంది కదా, అందులో పేరు పక్కన ‘యూఎన్’ అని ఉందో లేదో మీరే చూడండి. లేకపోతే మీట్ మొదలవకముందే మార్పించాలి. ఈదాక మారిస్తే ప్రయోజనం లేదు. ఆ రోజు క్లబ్ లోగో ఉన్న క్యాప్ బదులు సాదా క్యాప్ పెట్టుకుంటే అనుమానానికి తావుండదు. నిబంధన తప్పితే పిల్ల స్కూల్ పోటీలకి అనర్హురాలవుతుంది, ఆ భారం జట్టు మీద కూడా పడుతుంది. మీ స్కూల్‌కి ఈ నిబంధన ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వర్తిస్తుందో అథ్లెటిక్ డైరెక్టర్‌కి మెయిల్ రాసి అడగండి. ఫోన్‌లో అడగొద్దు, జవాబు కాగితం మీద ఉండాలి.

అదే చేత్తో ఇంకో రెండు చిన్న పనులు. సీఐఎఫ్ ప్రకారం ఏటా డాక్టర్ దగ్గర శారీరక పరీక్ష చేయించి సంతకం తెచ్చాకే ప్రాక్టీస్‌లోకి దిగనిస్తారు. నిరుటి ఫారం గడువు సీజన్ మధ్యలో తీరిపోతుందేమో చూసుకోండి. రెండోది, క్లబ్‌లో హైస్కూల్ సీజన్‌కి ఫీజు తగ్గింపు ఉందా, హాజరు తగ్గితే సీనియర్ గ్రూప్‌లోంచి కిందికి దించుతారా అన్నది ముందే అడగండి. ఏప్రిల్‌లో తెలిస్తే గొడవలే మిగులుతాయి.

(ఇది చదివే వేరే రాష్ట్రాల తల్లిదండ్రులకి ఒక మాట. పైనున్నదంతా కాలిఫోర్నియా సంగతి. టెక్సస్‌లో హైస్కూల్ ఈత సీజన్ చలికాలంలో వస్తుంది, స్టేట్ మీట్ ఫిబ్రవరిలో. ఇల్లినాయ్‌లో అమ్మాయిలది ఫాల్‌లో, అబ్బాయిలది చలికాలంలో. బయటి పోటీల నిబంధనలు కూడా రాష్ట్రానికో తీరు. డాలస్‌లో ఉన్న చుట్టాలు చెప్పింది ఫ్రీమాంట్‌లో చెల్లదు.)

ఇక కోచ్‌లతో మాటలు. సీజన్ మొదలయ్యాక ఒక్కో ప్రాక్టీస్‌కీ సెలవడిగితే ఏ కోచ్‌కైనా ఒళ్లు మండుతుంది. జనవరిలోనే, సీజన్ మొత్తానికి ఒకేసారి అడగాలి. అడగాల్సింది మీరు కాదు, మీ అమ్మాయి. మన ఇళ్లలో పిల్లల తరఫున మనమే మాట్లాడేస్తాం. ఇక్కడి కోచ్‌లు మాత్రం హైస్కూల్ పిల్ల తన మాట తనే చెప్పుకోవాలని చూస్తారు, అమ్మానాన్నల మెయిల్ వస్తే అప్పుడే కాస్త బిగుసుకుంటారు. ఒకే మెయిల్ ఇద్దరు కోచ్‌లకీ కలిపి వెళ్లాలి, ఒకరికి పంపింది ఇంకొకరికి కనబడాలి. అందులో ఉండాల్సింది ఇంతే: కిందటేడు వారానికి 19 గంటలు దాటి దెబ్బతిన్నాను, ఈసారి 12 నుంచి 13 గంటలు దాటకూడదనుకుంటున్నాను, స్కూల్ మీట్‌లన్నిటికీ వస్తాను, ఒక్కటీ మానను, వారంలో రెండు స్కూల్ ప్రాక్టీసులు, మూడు క్లబ్ ప్రాక్టీసులు చేస్తాను, నేను తప్పనిసరిగా ఉండాల్సిన రోజులేవో చెబితే వాటి చుట్టూ మిగతావి సర్దుకుంటాను. ‘స్కూల్ మీట్ ఒక్కటీ మానను’ అన్న మాటే అసలు బేరం. స్కూల్ కోచ్‌కి రోజూ రమ్మనడం ఒక క్రమశిక్షణ, కానీ లోపల ఆయన భయం మీట్ రోజున మంచి ఈతగత్తె క్లబ్ పని మీద మాయమవుతుందని. ఆ భయం తీరిస్తే మిగతా బేరం తేలికవుతుంది.

మీ అమ్మాయికి ఇంకో బలం ఉంది. ఆరు లేన్ల డ్యూయల్ మీట్‌లో (రెండు స్కూళ్ల మధ్య పోటీలో) వ్యక్తిగత ఈవెంట్‌కి పాయింట్లు 6, 4, 3, 2, 1. రిలేకి 8, 4, 2. మెడ్లే రిలేలో బ్యాక్, బ్రెస్ట్, ఫ్లై, ఫ్రీ అనే వరసలో రెండో వంతు బ్రెస్ట్‌స్ట్రోక్. ఏ హైస్కూల్ జట్టులోనైనా ఫ్రీస్టైల్ ఈదేవాళ్లు దండిగా దొరుకుతారు, గట్టి బ్రెస్ట్‌స్ట్రోక్ పిల్ల దొరకడమే కష్టం. 1:10 చేసే పిల్లని ఏ కోచ్ అయినా తేలిగ్గా వదులుకోరు. ఇది మెయిల్‌లో రాయకూడదు, మనసులో పెట్టుకుంటే చాలు.

మీట్‌లో ఏ ఈవెంట్లు ఈదాలన్నది కూడా ఆలోచించి అడగాలి. ఒక్కొక్కరికి నాలుగు ఈవెంట్లు గరిష్ఠం, అందులో వ్యక్తిగతమైనవి రెండుకి మించకూడదు. మీ అమ్మాయికి 200 ఐఎం, 100 బ్రెస్ట్ ఖాయం. రిలేలే చూడాలి. మొదటి ఈవెంట్ 200 మెడ్లే రిలే, తర్వాత 200 ఫ్రీ, ఆ వెంటనే ఐఎం. మధ్యలో ఒక్క ఈవెంటే, అయినా రిలేలో తన వంతు 50 గజాలే కాబట్టి నెట్టుకురావచ్చు. చివర్లో 200 ఫ్రీ రిలే, 100 బ్యాక్, 100 బ్రెస్ట్, 400 ఫ్రీ రిలే వరసగా వస్తాయి. 100 బ్రెస్ట్ ముగించి ఊపిరి తీసుకునేలోపే 400 ఫ్రీ రిలేకి గోడెక్కాలి. బ్రెస్ట్‌స్ట్రోక్‌తో కాళ్లు బరువెక్కిన పిల్లని ఆ రిలేలో వేయడం జట్టుకీ లాభం కాదు. మెడ్లే రిలే, 200 ఫ్రీ రిలే తీసుకుని, 400 రిలే వేరేవాళ్లకి వదిలేయమని కోచ్‌ని అడగమనండి. లీగ్ ఫైనల్స్‌లో తప్పనిసరైతే అది వేరే సంగతి.

అలా ఈదితే మీట్ రోజు పోటీ దూరం 50, 200, 50, 100 కలిపి 400 గజాలు. అంతే. మధ్యాహ్నమంతా కొలను పక్కన గడిచిపోయినా శిక్షణగా చూస్తే అది చాలా తక్కువ. క్లబ్ కోచ్ సణుగుడుకి అసలు కారణం ఇదే, అందులో అన్యాయం లేదు. దీనికి మందు సులువు: మీట్‌కి ముందు వార్మప్ 1,500 గజాలు చేయాలి, స్నేహితులతో 400 ఈది కబుర్లలో కూర్చోకూడదు. చివరి రేస్ అయ్యాక ఖాళీ లేన్‌లో మెల్లగా ఇంకో 1,000. మొత్తం 2,900 అవుతుంది, అందులో 400 పూర్తి వేగంతో. ఆ రోజు రాత్రి క్లబ్‌కి మాత్రం పంపొద్దు. ‘ఈ రోజు ఈదింది తక్కువే కదా’ అని పంపడమే కిందటేడు జరిగి ఉంటుంది.

వారం ఇలా వేసుకోవచ్చు. మీ స్కూల్ మీట్‌లు బుధవారం అనుకుంటున్నా, వేరే రోజైతే అటూ ఇటూ జరపండి. సోమవారం స్కూల్ ప్రాక్టీస్ లేదు, నాలుగు నుంచి ఐదున్నర దాకా లైబ్రరీలో హోంవర్క్, ఆరు నుంచి ఎనిమిది క్లబ్. మంగళవారం స్కూల్ ప్రాక్టీస్ ఒక్కటే. అక్కడ స్టార్ట్‌లు, టర్న్‌లు, రిలే మార్పిడి, చిన్న దూరాలు వేగంగా చేయాలి. బుధవారం మీట్. గురువారం క్లబ్, వారంలో కష్టమైన సెట్ ఆ రోజు. శుక్రవారం స్కూల్‌లో గంటంబావు, తేలిగ్గా. శనివారం పొద్దున క్లబ్ రెండున్నర గంటలు, ఐఎం, దూరం. ఆదివారం నీళ్ల ముఖం చూడకూడదు. సోమవారం రెండు, మంగళవారం ఒకటిన్నర, గురువారం రెండు, శుక్రవారం ఒకటింబావు, శనివారం రెండున్నర: తొమ్మిదింబావు గంటలు, మీట్ కలిపితే పన్నెండు దాకా వస్తుంది. అంటే స్కూల్ సీజన్ లేనప్పుడు చేసే గంటలే. మీట్ లేని వారం బుధవారం కూడా క్లబ్‌కి వెళ్లవచ్చు. ఒకే రోజు రెండు చోట్లా ఈదే రోజు ఈ ప్లాన్‌లో ఒక్కటీ లేదని గమనించండి. కోచ్ పట్టుబట్టి తప్పనిసరైతే వారానికి ఒక్కటి, అదీ రెండోది ఈత కాకుండా స్టార్ట్‌ల పని అయితే.

బ్రెస్ట్‌స్ట్రోక్ పిల్లకి భుజం కంటే మోకాలే ముందు గోల పెడుతుంది. ఆ కిక్‌లో పాదం బయటికి తిరిగి కాలు గుండ్రంగా వెనక్కి తన్నేటప్పుడు మోకాలి లోపలి వైపు లిగమెంట్ సాగుతుంది. స్కూల్‌లో బ్రెస్ట్ కిక్ సెట్, అదే రోజు క్లబ్‌లో ఇంకో బ్రెస్ట్ కిక్ సెట్ పడితే ఒకరికొకరు చెప్పుకోని కోచ్‌లిద్దరూ కలిసి ఆ లిగమెంట్‌నే సాగదీస్తారు. కిక్ బోర్డ్ పట్టుకుని చేసే బ్రెస్ట్ కిక్ ఒక్క క్లబ్‌లోనే ఉండాలి. స్కూల్‌లో ఆ సెట్ వస్తే ఫ్రీస్టైల్ కిక్‌గా మార్చుకుంటానని కోచ్‌కి ముందే చెప్పాలి. మెట్లు దిగేటప్పుడు మోకాలి లోపలి పక్క నొప్పిగా ఉంటే ఆ వారం బ్రెస్ట్ కిక్ పూర్తిగా ఆపి, కాళ్ల మధ్య పుల్ బోయ్ (నీళ్లలో తేలే ఫోమ్ ముక్క) పెట్టుకుని ఫ్రీస్టైల్ ఈదవచ్చు. భుజం విషయంలో గుర్తు వేరే: ఈదేటప్పుడు కాస్త లాగినట్టుండి, వార్మప్‌తో పోతే అది అలసట. మర్నాడు పొద్దున జడ వేసుకోవడానికి చేయెత్తితే నొప్పి పుడితే, ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతే అది అలసట కాదు, స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్‌కి చూపించాలి. ప్రాక్టీస్‌కి ముందు నొప్పి మాత్ర వేసి దింపడం మాత్రం ఎప్పుడూ వద్దు, నొప్పి చెప్పే హెచ్చరిక వినబడకుండా పోతుంది. వారానికి మూడుసార్లు, పది నిమిషాలు, రబ్బర్ బ్యాండ్‌తో మోచేయి నడుముకి ఆనించి ముంజేయి బయటికి తిప్పే వ్యాయామం 15 చొప్పున మూడు దఫాలు, భుజాల రెక్కలు వెనక్కి లాగేవి ఇంకో మూడు దఫాలు చేయిస్తే ఈ సీజన్‌కి సరిపోతుంది.

నిద్ర. ఈ వయసుకి 8 నుంచి 10 గంటలు కావాలి. కాలిఫోర్నియాలో 2022 నుంచి హైస్కూళ్లు ఉదయం 8:30కి ముందు మొదలుకాకూడదు. పొద్దున ఆ కాస్త లాభం వచ్చింది గానీ సాయంత్రం అంతా వెనక్కి జరిగింది. క్లబ్ రోజున ఇల్లు చేరేసరికి ఎనిమిదింబావు, 880 హైవే మీద ట్రాఫిక్ ఉంటే ఇంకాస్త. భోజనం, గంటంబావు చదువు, పదిన్నరకి పడక, ఏడుంబావుకి లేస్తే తొమ్మిది గంటలకి కాస్త తక్కువ. ఇది నడుస్తుంది. దీని మీద ఐదింటికి ఉదయం ప్రాక్టీస్ పెడితే నడవదు. స్కూల్ సీజన్‌లో ఉదయం ప్రాక్టీస్‌లు వద్దని క్లబ్ కోచ్‌తో చెప్పండి. కిందటేడు రెండుసార్లు జ్వరం వచ్చిందన్నారు, నిద్ర ఎన్ని గంటలు పడిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

తిండిలో మన ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. స్కూల్ నుంచి రాగానే పూరీయో, బజ్జీలో పెట్టి అరగంటలో కొలనుకి తోలుతాం. బోర్లా పడుకుని ఈదేటప్పుడు నూనె గొంతులోకి ఎగదన్నుతుంది. ప్రాక్టీస్‌కి గంట ముందైతే రెండు ఇడ్లీలు గానీ, ఒక అరటిపండు, గుప్పెడు ఖర్జూరాలు గానీ చాలు. ప్రాక్టీస్ అయ్యాక కార్లోనే ఏదైనా తినాలి, ఇంటికొచ్చి స్నానం చేసి తినేదాకా ఆగకూడదు: చిన్న డబ్బాలో పెరుగన్నం, ఉడికించిన గుడ్లు రెండు లేదా గ్లాసుడు పాలు, వేరుశనగ చిక్కీ. రాత్రికి పప్పన్నం, కూర, పెరుగు ఎటూ ఉంటాయి. శాకాహారులైతే, పైగా నెలసరి వచ్చే వయసు కాబట్టి, ఆ ఫిజికల్ చేయించేటప్పుడే హీమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష) కూడా చూడమని డాక్టర్‌ని అడగండి. ఎంత ఈదినా టైమ్ రాకపోవడం, మెట్లెక్కితే ఆయాసం రావడం కొన్నిసార్లు ఇనుము తక్కువై వస్తాయి. డాక్టర్ చెప్పకుండా ఐరన్ మాత్రలు వేయొద్దు. పప్పులో నిమ్మకాయ పిండడం, భోజనం వెంటనే టీ తాగకపోవడం మాత్రం ఈరోజే మొదలుపెట్టవచ్చు.

తర్వాత టేపర్, అంటే పెద్ద పోటీకి ముందు దూరం తగ్గించి వేగం నిలుపుకునే రెండు వారాలు. ఇక్కడే ఇద్దరు కోచ్‌ల క్యాలెండర్లు నిజంగా కొట్టుకుంటాయి. వసంతంలో క్లబ్‌కి ఫార్ వెస్టర్న్స్ లాంటి మీట్‌లు, తర్వాత స్కూల్‌కి లీగ్ ఫైనల్స్, మే మొదట్లో మీ నార్త్ కోస్ట్ సెక్షన్ (సీఐఎఫ్‌లో మీ ప్రాంతపు విభాగం) పోటీలు, అక్కడ అర్హత వస్తే క్లోవిస్‌లో స్టేట్ మీట్. రెండున్నర నెలల్లో మూడుసార్లు టేపర్ చేస్తే శిక్షణ ఎప్పుడు చేసినట్టు? పూర్తి టేపర్ ఒక్కదానికే. మీ అమ్మాయికి సెక్షన్‌కి పెట్టమని నా సలహా. క్లబ్ మీట్‌కి మూడు నాలుగు రోజులు దూరం తగ్గిస్తే చాలు, అక్కడ స్కూల్‌లో లేని 200 బ్రెస్ట్, 400 ఐఎం ఈదనివ్వండి. లీగ్ ఫైనల్స్‌కి అసలు టేపర్ వద్దు, ముందు రోజు తేలిగ్గా ఈదితే చాలు. కిందటేడు మేలో రెండు సెకన్లు పోయాయంటే టేపర్ లోపం కంటే అలసటే కారణం అయ్యుంటుంది. మూడు నెలలు లోతుగా పేరుకున్న అలసట పది రోజుల్లో దిగదు.

అదే సమయానికి ఇంకో పిడుగు ఏపీ పరీక్షలు. (ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్.) ఇవి మే మొదటి రెండు వారాల్లో వస్తాయి, సరిగ్గా సెక్షన్, స్టేట్ మీట్‌ల వేళకి. మీ అమ్మాయి ఏపీ కోర్సు ఏదైనా తీసుకుని ఉంటే పరీక్ష తేదీ, మీట్ తేదీ పక్కపక్కన రాసి చూడండి. ఢీకొంటే ఆటల పోటీ కారణంగా ఆలస్యపు పరీక్షకి స్కూల్‌లో ఏపీ కోఆర్డినేటర్ ద్వారా అడగవచ్చు. మార్చిలో అడిగితే మర్యాదగా జరిగే పని, మే ఒకటిన అడిగితే జరగదు. ఇంకో సంగతి, జీపీఏ 2.0 కంటే తగ్గితే సీఐఎఫ్ ప్రకారం ఆడనివ్వరు. మన పిల్లలకి ఆ ప్రమాదం అరుదు. మన ఇళ్లలో ప్రమాదం దానికి తలకిందులు: ఒక్క బీ రాగానే ఈత మానిపించేస్తాం.

కాలేజీ గురించి మీరు అడగలేదు గానీ, మీ ఆయన మాట వెనక అదే ఉందనిపిస్తోంది. డివిజన్ 1 కాలేజీ కోచ్‌లు టెన్త్ గ్రేడ్ అయ్యాక వచ్చే జూన్ 15 నుంచి పిల్లలతో నేరుగా మాట్లాడవచ్చు. అంటే మీకు ఈ వేసవే. వాళ్లు చూసేది టైమ్‌లు. స్కూల్ మీట్‌లో వచ్చిన టైమ్ అమెరికా స్విమ్మింగ్ సంఘం రికార్డుల్లోకి ఎక్కాలంటే ఆ మీట్‌ని వాళ్ల అధికారులు పరిశీలించి ఉండాలి. మామూలు బుధవారం డ్యూయల్ మీట్‌లకి అది ఉండదు. మంచి టైమ్ వస్తుందనుకునే మీట్‌కి ఆ ఏర్పాటు ఉందా అని ముందే అడగాలి. స్కూల్ టీమ్ మానేస్తే టైమ్‌లు వాటంతటవే మెరుగుపడవు. కిందటేడు పోయిన రెండు సెకన్లు ఆ 19.5 గంటల వల్ల పోయాయి, స్కూల్ టీమ్ వల్ల కాదు.

ఇంత చేసినా స్కూల్ కోచ్ ‘రోజూ రావాలి, లేకపోతే వర్సిటీ (స్కూల్ ప్రధాన జట్టు) లేదు’ అనే కూర్చుంటే? ముందు మధ్యేమార్గం అడగండి: స్కూల్‌కి రోజూ వస్తుంది, కానీ చివరి లేన్‌లో క్లబ్ కోచ్ రాసిచ్చిన సెట్ ఈదుతుంది. చాలామంది కోచ్‌లు దీనికి ఒప్పుకుంటారు, వాళ్లకి కావలసింది పిల్ల జట్టుతో కనబడడమే. దానికీ ఒప్పుకోకపోతే స్కూల్ ఐదు రోజులు ఉంచి, క్లబ్‌ని శనివారం, ఇంకో రోజుకి కుదించండి. మేలో స్కూల్ సీజన్ ముగిశాక నాలుగైదు రోజులు విశ్రాంతి ఇచ్చి క్లబ్‌కి పూర్తిగా తిరిగి వెళ్తే జులై ఆఖరు పోటీలకి ఇంకా పది వారాలుంటాయి. అప్పటికి క్లబ్ 50 మీటర్ల కొలనుకి మారి ఉంటుంది. టర్న్‌లు తగ్గి దమ్ము ఎక్కువ కావాలి కాబట్టి మొదటి రెండు వారాలు టైమ్‌లు నీరసంగా కనబడతాయి, కంగారుపడొద్దు. వర్సిటీ కోసం వారానికి 19 గంటలు మాత్రం మళ్లీ ఒప్పుకోవద్దు. అక్కడికే వస్తే, ఈ ఏడాదికి స్కూల్ టీమ్ వదిలేయండి.

ఒక నోటుబుక్ పెట్టించండి. రోజూ రాత్రి మూడు విషయాలు: ఎన్ని గంటలు ఈదింది, ఎన్ని గంటలు పడుకుంది, భుజం, మోకాలు పదిలో ఎంత నొప్పి. రెండు వారాలకోసారి క్లబ్‌లో ఒకే సెట్: బ్రెస్ట్‌స్ట్రోక్ 50లు ఎనిమిది, ఒక్కోటి నిమిషంబావుకి బయలుదేరుతూ, సగటు టైమ్ రాయాలి. అదే కష్టంతో ఈదినా సగటు వరసగా రెండుసార్లు సెకను కంటే ఎక్కువ పెరిగినా, నొప్పి మూడు రోజులు నాలుగు దాటినా ఆ వారం రెండు ప్రాక్టీసులు మానాలి, ఒకటి స్కూల్‌ది, ఒకటి క్లబ్‌ది. ఏవేవి మానుతున్నదీ అదే రోజు ఇద్దరు కోచ్‌లకీ ఒకే మెసేజ్‌లో, తనే పంపాలి.